తుపాకీ, కుక్క, పిట్ట: ముందు దేన్ని ఎంచుకోవాలి?

వేటకు సంబంధించిన ప్రశ్నలు పంపవచ్చని గత సంచికలో ప్రకటించినప్పుడు పదో పన్నెండో ఉత్తరాలు వస్తాయనుకున్నాం, కానీ అంతకంటే చాలా ఎక్కువ వచ్చాయి. రాసినవారిలో అమెరికాలో స్థిరపడిన లేదా ఉద్యోగరీత్యా అక్కడ ఉంటున్న తెలుగువారే ఎక్కువమంది. భారతదేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టమూ, దానికి 1991లో జరిగిన సవరణా కలిసి సరదా వేటకు ఏ రూపంలోనూ చోటు లేకుండా చేశాయి. అందువల్ల కింద చెప్పే తుపాకుల సంగతీ, పిట్టల వేటకు పెంచే కుక్కల సంగతీ అమెరికా రాష్ట్రాలలో లైసెన్సు మీద సాగే వేటకు మాత్రమే వర్తిస్తాయి. మన ప్రాంతం నుంచి వచ్చిన ఒక ఉత్తరానికి విడిగా జవాబు రాశాను.

ప్రశ్న: హెచ్-1బి వీసా మీద మిన్నెసోటా రాష్ట్రంలోని రోచెస్టరులో పనిచేస్తున్నాను. మా ఆఫీసువాళ్ళు ప్రతి అక్టోబరులోనూ ఫెజెంటు పిట్టల వేటకు వెళతారు, ఈసారి నన్నూ రమ్మన్నారు. నేను తుపాకీ కొనుక్కోవచ్చా? కొనేటట్లయితే 12 గేజు మంచిదా, 20 గేజు మంచిదా? తలా ఒక మాట చెబుతున్నారు.

జవాబు: మీరు రెండు ప్రశ్నలు అడిగారు. వాటిలో మొదటిదానికి తప్పు జవాబు దొరికితే వీసాకే ముప్పు వస్తుంది కాబట్టి దానితోనే మొదలుపెడతాను. వలసేతర వీసా మీద అమెరికాలోకి వచ్చినవారి దగ్గర తుపాకీ గానీ తూటాలు గానీ ఉండడమే అక్కడి ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. ఈ నియమం హెచ్-1బి వారికీ, వారి మీద ఆధారపడిన హెచ్-4 వారికీ, ఎఫ్-1 విద్యార్థులకూ సమానంగా వర్తిస్తుంది, గ్రీన్ కార్డు ఉన్నవారికి వర్తించదు. దీనికి ఉన్న మినహాయింపులలో మీకు పనికొచ్చేది ఒక్కటే: ఏదైనా ఒక రాష్ట్రం ఇచ్చిన, గడువు ముగియని వేట లైసెన్సు మీ చేతిలో ఉండడం. ఇక్కడ ‘ఉండడం’ అంటే కొనడం ఒక్కటే కాదు. మిత్రుడు పొలంలో కాసేపు పట్టుకోమని తన తుపాకీని అందించినా, షూటింగ్ రేంజిలో అద్దెకు తీసుకుని నాలుగు తూటాలు కాల్చినా అది మీ దగ్గర ఉన్నట్టే లెక్క. అందుకని లైసెన్సు రాకముందు సరదాకైనా తుపాకీని చేతిలోకి తీసుకోవద్దు.

వరుస ఇలా ఉండాలి. 1979 డిసెంబరు 31 తరువాత పుట్టినవారు మిన్నెసోటాలో వేట భద్రతా శిక్షణ పూర్తిచేయనిదే లైసెన్సు పొందలేరు కాబట్టి మొదట ఆ శిక్షణ ముగించండి. తరువాత లైసెన్సు, దానితోపాటు ఫెజెంటు స్టాంపు, అంటే ఆ పిట్ట వేటకు విడిగా రుసుము కట్టి తీసుకునే అనుమతి తీసుకోండి. ఆ తరువాతే దుకాణం మెట్లెక్కండి. అక్కడ నింపవలసిన ఫెడరల్ ఫారంలో మీ ప్రవేశ సంఖ్యను, అంటే ఐ-94 మీద ఉండే సంఖ్యను రాయాలి, వేట లైసెన్సును చూపాలి. చాలామంది మరిచిపోయే సంగతి మరొకటుంది. లైసెన్సుకు గడువు ముగిసిన రోజునే మీ మినహాయింపూ ముగుస్తుంది, తుపాకీ మాత్రం బీరువాలోనే ఉంటుంది. కాబట్టి వేట కాలం అయిపోయినా సరే, కొత్త లైసెన్సు తీసుకోవడంలో ఒక్కరోజు కూడా ఆలస్యం చేయకండి. మీ శ్రీమతి హెచ్-4 మీద ఉంటే తుపాకీ పెట్టె తాళం మీ ఒక్కరి దగ్గరే ఉంచుకోవడం క్షేమం. గ్రీన్ కార్డు దరఖాస్తు నడుస్తున్నవారు కొనేముందు తమ ఇమ్మిగ్రేషన్ లాయరును ఒకసారి అడగాలి, ఆ ఫీజుకు వెనకాడవద్దు.

ఇక గేజు విషయం. తుపాకీ గొట్టంలో సరిగ్గా పట్టే సీసపు గుండ్లు పౌనుకు ఎన్ని తూగితే అదే దాని గేజు. అందుకే అంకె పెరిగేకొద్దీ గొట్టం సన్నబడుతుంది: 12 గేజు గొట్టం లోపలి వ్యాసం సుమారు 18.5 మిల్లీమీటర్లు, 20 గేజుది సుమారు 15.6. మన ఊళ్ళలో ఒకప్పుడు మోతుబరుల ఇళ్ళలో గోడకు వేలాడిన పన్నెండు బోరు తుపాకీ ఈ 12 గేజే. మంచి కుక్క ముందు నడుస్తూ, ముప్పై గజాల లోపు కాల్చే అవకాశం దొరుకుతున్నప్పుడు ఫెజెంటుకు 20 గేజు చక్కగా సరిపోతుంది, బరువు కూడా ఒక పౌను దాకా తక్కువ ఉంటుంది కాబట్టి రోజంతా మోయడం సులువు. అయినా మీకు నేను 12 గేజే చెబుతాను, దానికి కారణం మీరు నడవబోయే నేల. పశ్చిమ మిన్నెసోటాలో సామాన్యులకు అందుబాటులో ఉన్న పచ్చిక బయళ్ళలో చాలా భాగం నీటి పక్షుల కోసం ఫెడరల్ ప్రభుత్వం కేటాయించిన భూములు, వాటిలో ఫెజెంటు వేటకు కూడా సీసపు గుళికలు నిషిద్ధం. సీసానికి బదులు వాడే ఉక్కు గుళికలు అంతకంటే తేలిక కాబట్టి, సీసంలో 5వ నంబరు వాడేచోట ఉక్కులో రెండు నంబర్లు పెద్దదైన 3వ నంబరు వాడాలి. అంత లావు గుళికలు తగినన్ని పట్టాలంటే 12 గేజు తూటాయే అనువైనది.

గేజుకంటే ముఖ్యమైనది తుపాకీ మీ ఒంటికి అమరడం. దుకాణంలో అనుమతి తీసుకుని, తుపాకీ ఖాళీగా ఉందని మీ కళ్ళతో చూసుకుని, కళ్ళు మూసుకుని దాన్ని భుజానికి ఆనించి, చెంపను తుపాకీ వెనుక భాగపు కర్ర మీద వాల్చి, అప్పుడు కళ్ళు తెరవండి. గొట్టం చివరన ఉన్న పూస ఎదుట నిలబడి కనిపిస్తే తుపాకీ మీకు సరిపోయినట్టు. గొట్టం పైభాగమంతా పొడుగ్గా పరచినట్టు కనిపించినా, పూస అసలు కనిపించకపోయినా సరిపోనట్టు. అమెరికా కంపెనీల సాధారణ నమూనాలలో ట్రిగ్గరు నుంచి కర్ర మడమ దాకా పొడవు సుమారు 14 అంగుళాలు ఉంటుంది. అయిదడుగుల ఆరంగుళాల లోపు ఎత్తు ఉన్నవారికి అది తరచుగా ఎక్కువవుతుంది, వారు 13 అంగుళాల పొట్టి నమూనా అడగాలి. అక్టోబరు చలిలో లావుపాటి కోటు వేసుకునే కాలుస్తారు కనుక ఈ పరీక్షకు ఆ కోటు వేసుకునే వెళ్ళండి.

గొట్టం కింద ఉండే పిడిని చేత్తో వెనక్కీ ముందుకూ లాగి తూటా ఎక్కించే పంపు తుపాకీ చౌక, మొరటు వాడకానికి తట్టుకుంటుంది. 1950 నుంచి వస్తున్న రెమింగ్టన్ 870 ఇప్పటికీ వాడిన తుపాకులు అమ్మే దుకాణాలలో మంచి స్థితిలో దొరుకుతుంది. ఒకటి పేలగానే తరువాతి తూటా దానంతటదే ఎక్కే సెమీ ఆటోమేటిక్‌లో భుజానికి తగిలే దెబ్బ తక్కువ గానీ శుభ్రం చేయడం శ్రమ. పై గొట్టం కింద గొట్టంగా ఉండే జంట గొట్టాల తుపాకీలో రెండే తూటాలు పడతాయి, ధర ఎక్కువ. అయినా నలుగురు కలిసి కుక్కతో నడిచే వేటలో దానికున్న మర్యాద మరో తుపాకీకి లేదు: మధ్యకు మడిచి చేతి మీద వేసుకుంటే అది పేలదని దూరాన ఉన్నవాడికి కూడా కనిపిస్తుంది. నా సొంత మొగ్గు దానివైపే. మొదటి తుపాకీకి మాత్రం పంపు చాలు, మిగిలిన డబ్బు గాలిలోకి విసిరే మట్టి పళ్ళేల మీద గురి సాధనకు ఖర్చుపెట్టండి.

ఒక హెచ్చరిక. ఒకే ఇంట్లో 12, 20 గేజులు రెండూ ఉంటే తూటాలను ఎన్నడూ ఒకే సంచిలో, ఒకే కోటు జేబులో కలిపి ఉంచవద్దు. 20 గేజు తూటా పొరపాటున 12 గేజు తుపాకీలోకి పోతే గొట్టం వెనుక తూటా కూర్చునే గదిలో నిలవకుండా గొట్టంలోకి జారి ముందు ఇరుక్కుంటుంది. గది ఖాళీగా ఉందనుకుని వెనుక అసలు తూటా వేసి కాలిస్తే గొట్టం పగిలి ఎడమచేయి పోతుంది. 20 గేజు తూటాలను ప్రత్యేకంగా పసుపురంగులో తయారుచేసేది ఈ ప్రమాదం వల్లనే.

ప్రశ్న: మేము సౌత్ డకోటాలోని సూ ఫాల్స్‌లో ఉంటాం, నాకు గ్రీన్ కార్డు ఉంది. ఫెజెంటు వేట కోసం జర్మన్ షార్ట్‌హెయిర్డ్ పాయింటరును పెంచాలని నా కోరిక, లాబ్రడారు చాలంటాడు నా మిత్రుడు. ఇంటి వెనుక పెరడు చిన్నది, నాలుగేళ్ళ బాబు ఉన్నాడు. మా అత్తగారు ఏటా వచ్చి ఆరు నెలలు ఉంటారు, కుక్క ఇంట్లో తిరగడం ఆవిడకు ససేమిరా గిట్టదు. కుక్కను బట్టి తుపాకీ కూడా మారుతుందని విన్నాను, నిజమేనా?

జవాబు: నిజమే, అయితే చాలామంది ఈ పనిని తలకిందులుగా చేస్తారు. ముందు మెరిసే తుపాకీ కొంటారు, తరువాత ఫొటోలో అందంగా కనిపించిన కుక్కపిల్లను తెస్తారు, ఆఖరున ఏ పిట్టను ఎక్కడ వేటాడాలా అని వెతుక్కుంటారు. పిట్ట స్వభావాన్ని బట్టి కుక్క, కుక్క పనితీరును బట్టి తుపాకీ అన్నది సరైన వరుస. మీకు పిట్ట ముందే నిశ్చయమై ఉంది గనుక సగం పని అయినట్టే.

మీ రాష్ట్ర పక్షి అయిన ఫెజెంటు అమెరికాకు చెందినది కాదు, చైనా నుంచి తెచ్చి వదిలింది. సౌత్ డకోటాలో దాని మొదటి వేట కాలం 1919లో జరిగింది. మన అడవికోడికీ నెమలికీ దగ్గరి చుట్టమైన ఈ పక్షికి ఎగరడంకంటే పరుగే ఇష్టం. కుక్క వాసన పసిగట్టేసరికి అది గడ్డిలో తల వంచుకుని సాళ్ళ వెంట పరుగెత్తిపోతూ ఉంటుంది, దారి మూసుకుపోయినప్పుడే కేకపెట్టి నిటారుగా పైకి లేస్తుంది. పుంజును మాత్రమే కాల్చాలని చట్టం కాబట్టి, మెడ చుట్టూ తెల్లని పట్టీ, పొడవైన తోక, ఆ కేక గమనించి పుంజని నిర్ధారించుకునేందుకు మీకు దొరికేది రెండు క్షణాలు.

ఇలాంటి పిట్టతో కుక్కలు రెండు పద్ధతుల్లో పనిచేస్తాయి. పాయింటరు, సెట్టరు, బ్రిటనీ వంటివి పిట్ట వాసన అందగానే కొయ్యబారి నిలబడిపోతాయి. తోక బిగుసుకుంటుంది, ఒక ముందుకాలు గాలిలోనే ఆగిపోతుంది. మీరు నడుచుకుంటూ వెళ్ళి పిట్టను లేపాలి. కుక్క వంద గజాల అవతల ఉన్నా తొందరలేదు, ఎందుకంటే అది ఆగే ఉంటుంది. పిట్ట మీ కాళ్ళ దగ్గర నుంచే లేస్తుంది కనుక కాల్చే దూరం తరచుగా పదిహేను నుంచి పాతిక గజాలే. స్ప్రింగర్ స్పానియలు, లాబ్రడారు వంటివి ఆగవు, దూసుకుపోయి పిట్టను లేపేస్తాయి. అందువల్ల అవి ఎప్పుడూ మీకు పాతిక గజాల లోపలే పనిచేసేలా తర్ఫీదు పొందాలి. లేకపోతే పిట్ట మీ తుపాకీకి అందని దూరంలో లేస్తుంది, కుక్క సంబరంగా దాని వెంటపడుతుంది, మీరు చూస్తూ నిలబడతారు.

తుపాకీ సంగతి ఇక్కడే తేలుతుంది. గొట్టం మూతి దగ్గర బిగించే చోక్ అన్నది గుళికల గుంపు ఎంత వేగంగా విచ్చుకోవాలో నిర్ణయిస్తుంది. నలభై గజాల దూరంలో ముప్పై అంగుళాల వలయంలో పడే సీసపు గుళికల లెక్క స్థూలంగా సిలిండరుకు 40 శాతం, ఇంప్రూవ్డ్ సిలిండరుకు 50, మాడిఫైడుకు 60, ఫుల్ చోకుకు 70. పాయింటరు చూపిన పిట్టకు ఫుల్ చోక్ వాడితే అయితే గురి తప్పుతుంది, లేకపోతే గుళికలన్నీ ఒకేచోట దిగి మాంసం తినడానికి పనికిరాకుండా పోతుంది. దానికి ఇంప్రూవ్డ్ సిలిండరు సరైనది. లేపే కుక్క వెనుక దూరం కాస్త పెరుగుతుంది కాబట్టి మాడిఫైడు బిగించవచ్చు, కానీ ఉక్కు గుళికలు సీసంకంటే దగ్గరదగ్గరగా పోతాయి కనుక వాటికి ఒక మెట్టు తగ్గించుకోండి. మీ మిత్రుడు గనుక తన తాతల నాటి ఫుల్ చోక్ తుపాకీని ఇస్తానంటే దానిలో ఉక్కు తూటాలు వేయకండి, పాత గొట్టాలు ఆ ఒత్తిడికి ఉబ్బుతాయి.

ఇప్పుడు మీ ఇంటి సంగతికి వస్తాను. షార్ట్‌హెయిర్డ్ పాయింటరు గొప్ప కుక్క. అది పిట్టను చూపుతుంది, తెస్తుంది, బాతు కోసం నీళ్ళలోకీ దిగుతుంది. కానీ రోజుకు గంటకు తక్కువ కాకుండా పరుగెత్తించలేకపోతే మీ సోఫా, మీ బాబు బొమ్మలు, మీ మనశ్శాంతి మూడూ మిగలవు. చిన్న పెరడులో వేట కాలం ముగిసిన మంచు నెలలన్నీ దాన్ని కట్టిపడేయడం దానికీ శిక్షే. పైగా పరుగెత్తే ఫెజెంటు ముందు అనుభవం లేని పాయింటరు తరచుగా ఖాళీ గడ్డినే చూపిస్తూ నిలబడుతుంది, కొత్తగా వేట నేర్చుకుంటున్న యజమానికి అది ఎందుకో అర్థం కాదు. మీ పరిస్థితికి వేట వంశానికి చెందిన, అరవై పౌన్లకు మించని ఆడ లాబ్రడారు మేలని నా అభిప్రాయం. ప్రదర్శనల కోసం పెంచే లావుపాటి లాబ్రడార్లు చూపుకు ముద్దుగా ఉంటాయి గానీ మధ్యాహ్నానికే ఆయాసపడతాయి. కుక్కపిల్లను చూసి మురిసిపోకుండా తల్లిదండ్రుల కాగితాలు అడగండి: తుంటి, మోచేతి కీళ్ళకు రెండేళ్ళ వయసు దాటాక ఓఎఫ్ఏ (కుక్కల కీళ్ళ పరీక్షలను ధ్రువీకరించే అమెరికా సంస్థ) ఇచ్చిన పత్రాలు, కళ్ళ పరీక్ష, లాబ్రడార్లలో శ్రమ ఎక్కువైనప్పుడు కాళ్ళు కుప్పకూలే వంశపారంపర్య జబ్బుకు జన్యు పరీక్ష. తల్లి, తండ్రి ఇద్దరూ నిజంగా వేటాడతాయో లేదో ఏదైనా ఒక ఉదయం స్వయంగా వెళ్ళి చూడండి. ఇవి చూపడానికి నసిగే పెంపకందారు దగ్గర ఎంత చౌకగా దొరికినా కొనవద్దు.

అత్తగారి విషయంలో నేను చెప్పగలిగింది కొంచెమే. వెచ్చగా కట్టిన గూడు గారేజీలో ఏర్పాటు చేసి, వంటింటికీ పూజ గదికీ హద్దు పెట్టి మొదటి రోజు నుంచే నేర్పితే లాబ్రడారు ఆ హద్దును ఖాయంగా పాటిస్తుంది. కుక్క పన్నెండేళ్ళు బతుకుతుంది కనుక ఆవిడతో ముందే మాట్లాడడం మర్యాద. తీరా తెచ్చాక చెప్పడం ఎవరికీ మంచిది కాదు.

ప్రశ్న: టెక్సస్‌లో మా స్నేహితుడి బంధువుకు పశువుల క్షేత్రం ఉంది. అక్కడ అడవి పందుల బెడద ఎక్కువని, లైసెన్సు కూడా అక్కరలేదని, వచ్చి కాల్చమని పిలుస్తున్నారు. నేను హెచ్-1బిలో ఉన్నాను. పిట్టల తుపాకీ, నా దగ్గరున్న గోల్డెన్ రిట్రీవరు దీనికి పనికొస్తాయా?

జవాబు: రెండూ పనికిరావు, లైసెన్సు అక్కరలేదన్న మాట కూడా మీకు వర్తించదు. భూయజమాని అనుమతితో ప్రైవేటు భూమిలో అడవి పందులను కాల్చడానికి టెక్సస్ 2019 నుంచి వేట లైసెన్సును అడగడం లేదన్నది వాస్తవమే. కానీ పైన మొదటి జవాబులో చెప్పినట్టు, మీ వీసా మీద తుపాకీ ముట్టుకోవడానికి చట్టబద్ధమైన ఆధారం ఆ లైసెన్సే. కాబట్టి రాష్ట్రం అడగకపోయినా మీరు తీసుకుని తీరాలి. 1971 సెప్టెంబరు 2న గానీ ఆ తరువాత గానీ పుట్టినవారైతే అక్కడి వేట శిక్షణ కూడా పూర్తిచేయాలి.

పిట్టల గుళికలు పందికి గాయం చేస్తాయే తప్ప చంపవు, గాయపడిన పంది మనిషి మీదకు వస్తుంది. దానికి .243 లేక .308 వంటి రైఫిలు కావాలి, దగ్గరి దూరానికైతే 12 గేజులో ఒంటి గుండు తూటా చాలు. ఇక కుక్కల మాట. అక్కడ పందిని చుట్టుముట్టి మొరిగి ఆపే కటహూలా, బ్లాక్ మౌత్ కర్ వంటి జాతులు వేరు, దాన్ని పట్టుకునే బుల్‌డాగులు వేరు. వాటికి కోరలు దిగకుండా దట్టమైన కవచాలు తొడుగుతారు, అయినా కుట్లు వేయించుకోని కుక్క అరుదు. ఇది తరతరాలుగా ఆ పనిలో ఉన్నవారు చేసే వేట, మీ గోల్డెన్ రిట్రీవరును తీసుకువెళ్ళడం దాన్ని చంపుకోవడమే. పందుల నుంచి కుక్కలకు సోకే సూడోరేబీస్ దాదాపు ఎప్పుడూ ప్రాణాంతకం కాబట్టి పచ్చి మాంసం ముక్క కూడా దానికి వేయకండి. మీరు కోసేటప్పుడు రబ్బరు చేతితొడుగులు వేసుకోండి, లేకపోతే బ్రూసెల్లా జ్వరం రావచ్చు. మాంసం లోపలి దాకా 160 డిగ్రీల ఫారెన్‌హీటు వేడి తగిలేలా ఉడకాలి.

ప్రశ్న: మా లాబ్రడారుకు ఏడాదిన్నర. బంతి విసిరితే చాలు చెరువులోకి దూకి తెస్తుంది. తుపాకీ మోత అలవాటు కావాలని మొన్న షూటింగ్ రేంజికి తీసుకువెళ్ళి పక్కన కూర్చోబెట్టాను. అప్పటి నుంచి తుపాకీ సంచి జిప్పు లాగినా కారు కిందికి దూరిపోతోంది. ఏం చేయాలి? (అయోవా నుంచి)

జవాబు: సదుద్దేశంతో చేసినా దీనికంటే చెడ్డ పరిచయం మరొకటి ఉండదు. తప్పించుకునే దారి లేనిచోట, ఎందుకో తెలియకుండా, నాలుగు వైపుల నుంచీ పిడుగులు పడినట్టు అయింది దానికి. ముందు కొన్ని వారాలపాటు తుపాకీ ఊసే ఎత్తకండి. ఆ తరువాత రెక్కలు కట్టిన పావురంతో ఆడించండి, పిట్ట అంటే దానికి పిచ్చి పట్టాలి. అది పిట్ట వెంట పరుగెత్తే క్షణంలో, వంద గజాలకు పైగా దూరంలో నిలబడిన మరో మనిషి ఒకే ఒక్కసారి చిన్న ఖాళీ తూటా పిస్తోలు పేల్చాలి. కుక్క తలెత్తి చూడకపోతే ఆ రోజుకు అంతే, ఇంటికి వెళ్ళండి. ఇలా రోజుకొకసారి చేస్తూ, దూరం కొంచెం కొంచెంగా తగ్గిస్తూ రండి. తోక వంగినా, పరుగు ఆగినా మళ్ళీ వెనక్కి, అంతకుముందు భయపడని దూరానికి వెళ్ళండి. పిట్ట వచ్చే ముందు సంకేతంగా ఆ మోతను అది గుర్తించే దాకా దగ్గరకు రావద్దు. 12 గేజు ఆఖరున.

ఈ పని నెలలు పడుతుంది. ఓపిక లేకపోతే ఒక వేట శిక్షకుడికి అప్పగించండి. కొన్ని కుక్కలు ఎంత చేసినా మారవు. స్వభావరీత్యా పిరికిదైతే దాన్ని వేధించకుండా ఇంటి కుక్కగా పెంచుకోవడమే న్యాయం. జులై నాలుగు బాణసంచా రాత్రి మాత్రం దాన్ని బయట ఉంచకండి, నెలల శ్రమ ఒక్క గంటలో మంటగలుస్తుంది.

ప్రశ్న: మాది అనంతపురం జిల్లా. వేరుశనగ చేలను అడవి పందులు దున్నేస్తున్నాయి. మా తమ్ముడు ముధోల్ జాగిలాల జంటను తెచ్చి, పంట రక్షణ పేరుతో తుపాకీ లైసెన్సు తీసుకుందామంటున్నాడు. సాధ్యమా?

జవాబు: తుపాకీ లైసెన్సు, పందిని చంపే అనుమతి అన్నవి రెండు వేర్వేరు కాగితాలు. మీ తమ్ముడు వాటిని ఒకటే అనుకుంటున్నట్టుంది. 1959 నాటి ఆయుధాల చట్టంలో పంట రక్షణకు మందు దట్టించి కాల్చే తుపాకీకి లైసెన్సు ఇచ్చే వీలుంది, దరఖాస్తు జిల్లా అధికారులకు పెట్టుకోవాలి. కానీ ఆ లైసెన్సు చేతిలో ఉన్నంతమాత్రాన పందిని కాల్చే హక్కు రాదు. 2022 సవరణ తరువాత అడవి పంది వన్యప్రాణి చట్టం రెండో షెడ్యూలులో ఉంది. పంట నష్టం చేస్తున్న జంతువును చంపడానికి అటవీ శాఖలోని అధీకృత అధికారి కారణాలు చూపుతూ రాతపూర్వకంగా అనుమతించాలి. ఆ ఉత్తర్వు లేకుండా కాలిస్తే మూడేళ్ళ దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా పడవచ్చు. చట్టం దృష్టిలో ఉచ్చు పన్నడం, కుక్కలతో తరమడం, ఆ ప్రయత్నం చేయడం కూడా వేటే. చేను చుట్టూ కరెంటు తీగ లాగడం గురించి మీరు అడగలేదు గానీ, ఆ తీగలకు రాత్రిపూట నీళ్ళు పెట్టడానికి వెళ్ళిన రైతులే బలవుతున్నారు కనుక ఆ ఆలోచన దరికి రానివ్వకండి.

ముధోల్ జాగిలం ఈ పనికి పుట్టిన కుక్కే కాదు. అది వాసన పట్టి కాక కంటితో చూసి వెంటాడే జాతి, బీడు భూముల్లో కుందేలును తరమడానికి తీర్చిన సన్నని నడుము, పలుచని చర్మం దానివి. పంది కోర ఒక్కసారి తగిలితే పొట్ట చీలిపోతుంది. తమిళనాడు వైపు రాజపాళయం, చిప్పిపారై జాతులనూ, మన కొల్లేరు ప్రాంతపు జోనంగినీ కూడా ఇలాగే పేరు చూసి కొనేవారున్నారు. జోనంగిని మనవాళ్ళు బాతుల మందలను తోలడానికి కూడా పెంచారు, దానికీ పందికీ సంబంధం లేదు. మీకు కావలసింది తరిమే కుక్క కాదు, రాత్రంతా మేలుకుని మొరిగే కుక్క. మీ ఊళ్ళో పుట్టి ఆ ఎండకు అలవాటుపడిన నాటు కుక్కలు రెండింటిని మంచె దగ్గర ఉంచితే పంది వచ్చిన సంగతి మీకు ముందే తెలుస్తుంది. చేను చుట్టూ నాలుగు సాళ్ళు ముళ్ళ కుసుమ వేసి, స్తోమత ఉంటే సోలారు కంచె కట్టుకోండి. నష్టం జరిగిన రోజునే ఫొటోలు తీసి అటవీ శాఖకు పరిహారం దరఖాస్తు ఇవ్వండి. ఆలస్యమైతే పంది అడుగుల జాడలు చెరిగిపోయి విచారణకు ఏమీ మిగలదు.

ప్రశ్న: వేటాడి తెచ్చిన ఫెజెంటును పిల్లలకు పెట్టవచ్చా? సీసం విషమంటారు కదా.

జవాబు: పెట్టవచ్చు, అయితే సీసపు గుళికలతో కొట్టినదాన్ని చిన్నపిల్లలకూ గర్భిణులకూ పెట్టకపోవడమే మంచిది. గుళికను ఏరివేసినా దాని చుట్టూ కంటికి కనిపించని సీసపు రేణువులు మాంసంలో మిగిలిపోతాయి, పులుసులో చింతపండు వేసి ఉడికిస్తే ఆ పులుపుకు సీసం మరింత కరుగుతుంది. పిల్లలకు వండాలనుకుంటే ప్రైవేటు భూమిలో కూడా ఉక్కు తూటాలే వాడండి. ఉక్కు గుళిక విషం కాదు గానీ పంటి కింద పడితే పన్ను విరుగుతుంది కాబట్టి, ఈకలు పీకాక చర్మం మీద ప్రతి రంధ్రాన్నీ వేలితో తడిమి, గుళికతోపాటు లోపలికి పోయిన ఈక ముక్కనూ లాగేసి, ఆ చుట్టూ నల్లబడిన మాంసాన్ని కోసి పారేయండి. మిగిలినదాన్ని నాటుకోడిలాగే వండుకోవచ్చు, కాకపోతే కొవ్వు తక్కువ కనుక నూనె కాస్త ఎక్కువ పోసి, మూతపెట్టి, సన్నని సెగ మీద ఉడకనివ్వాలి.